నొప్పెట్టని పన్ను

నాకు డెబ్బై నిండి ఏడాది దాటింది. నోట్లో ముప్పై రెండు పళ్ళూ దేవుడిచ్చినవే. పొటేలు మూలుగ ఎముకను అందరూ రాయి మీద పెట్టి కొట్టుకుంటారు. నేను దవడకిచ్చి ఒక్క పట్టు పడితే చాలు, చిటుక్కున విరిగేది. పెళ్ళిళ్ళలో కూల్‌డ్రింకు సీసాల మూతలు తీసేదానికి నన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాళ్ళ గనుల్లో నాతో పాటు పనిచేసిన మేస్త్రీలు ఒక్కొక్కరే బోసినోళ్ళై గంజి తాగుతుంటే, నేను వాళ్ళ ఎదురుగా కూర్చుని వేయించిన చెనిక్కాయలు నమిలేవాణ్ణి. కావాలనే నమిలేవాణ్ణి.

అన్నిటిలోకీ గొప్పది ఎడమ పక్క కింది దవడలో వెనకాల ఉండే పెద్ద పన్ను. దానికి రాజా అని పేరు పెట్టుకున్నాను. ఐసుగడ్డ తగిలినా దానికి చలి లేదు, కాగే టీ తగిలినా కాక లేదు. ఎప్పుడో, నేను ఇంకా గనికి పోతున్న కాలంలో, అది ఒకసారి తొర్రపడి నొప్పి చేసింది. మా వైపు ఊర్లలో పన్ను నొప్పికి జిల్లేడు పాలు పోసేది తాతల నాటి అలవాటు. గొడ్లపాక గోడ కాడ జిల్లేడు చెట్టు ఉండేది. ఆకు తుంచి, అద్దం ముందర నిలబడి, నా చేత్తో నేనే ఆ పాలు తొర్రలో పోసుకున్నాను. నోరంతా మంట. అబ్బా అనలేదు. ఒకటి రెండు దినాల్లో నొప్పి చచ్చింది. ఆ పొద్దు నుంచి రాజా నోరెత్తలేదు.

పైన చెప్పినదాంట్లో కొంత సాగదీసింది ఉంది. ఏది ఎంత సాగిందో పోనుపోను చెప్తాను. అంతా ఒకేసారి ఒప్పుకుంటే చదివేవాళ్ళకు నా మీద గౌరవం మొదటి పేజీలోనే పోతుంది.

ఇదంతా రాసేది ఎందుకంటే, మెడ మీద కోసిన చోటు మానిపోయింది గానీ లోపల ఇంకా వణుకు మానలేదు. రాస్తే కొంచెం నిలబడుతుందని ఒక ఆశ. ఇంకోటి, నొప్పి చేసే పన్ను ఉన్నవాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేదు, వాళ్ళంతట వాళ్ళే పరిగెత్తుతారు. నొప్పి చెయ్యని పన్ను ఉన్నవాళ్ళతోనే నాకు మాట్లాడాల్సింది ఉంది.

ఉగాదికి ముందు

మొదలైంది రాజాతో కాదు. కుడి పక్క పన్నుతో. మధ్యాహ్నం సంగటి ముద్ద మింగుతుంటే చిన్న సూది గుచ్చినట్లయింది. సాయంత్రానికి అది గునపమైంది. గనిలో డ్రిల్లు మిషను ఆపకుండా వదిలేసి కూలీలందరూ ఇండ్లకు పోతే ఎట్ల ఉంటుందో, నా దవడలో అట్ల. గుండె కొట్టుకున్నప్పుడల్లా పన్ను కొట్టుకుంటుంది. చెవిలోకి పోయింది, కణతలోకి పోయింది, కంటి వెనకాల కూర్చుంది. పడుకుంటే ఎక్కువ, లేస్తే ఎక్కువ. గాలి తగిలితే ఎక్కువ కాబట్టి నోరు మూసుకుని ఉండాలి. నేను నోరు మూసుకుని ఉండడం మా ఊర్లో ఎవరూ చూడలేదు. చూసేదానికి వచ్చినారు.

అందరికంటే ముందు వచ్చినవాడు మద్దిలేటి. నా భార్య తమ్ముడు, పక్కిల్లే. వాడికి పళ్ళన్నీ ఎప్పుడో పోయి, పైనా కిందా కట్టుడు పళ్ళు. వాణ్ణి పదిమందిలో "ఏం రా పసిపిల్లోడా, ఉగ్గు తాగినావా?" అని అడగకుండా నాకు దినం గడిచేది కాదు. ఇన్నేళ్ళు వాడు దేనికోసం కాచుకున్నాడో నాకు ఆ పొద్దు తెలిసింది. గిన్నె నిండా వేయించిన చెనిక్కాయలు తెచ్చుకుని, నా మంచం ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒక్కొక్క గింజే నమిలినాడు. తర్వాత పళ్ళ సెట్టు బయటికి తీసి, నా నీళ్ళ గ్లాసులోనే కడిగి, నా మొహం ముందర పట్టినాడు.

"చూడు బావా. ఈటికి నొప్పే తెలీదు. నీవి దేవుడిచ్చినాడంటివే. వాపసు తీసుకోమని అడుగు ఇప్పుడు."

నేను చెంబు విసిరినాను. చెంబు గోడకు తగిలింది. ఆ మోత వచ్చి నా పన్నుకు తగిలింది.

నా భార్య సుంకమ్మ మాటలు తక్కువ మనిషి. లవంగం నూరి పెట్టింది, ఉప్పు నీళ్ళు కాచి ఇచ్చింది. నేను పుక్కిలిస్తూ ఏడ్చినాను, ఏడుస్తూ తిట్టినాను. ఆమె చేసిన పులుసును తిట్టినాను, ఆమె పుట్టింటివాళ్ళ పళ్ళను తిట్టినాను. ఏదీ పని చెయ్యకపోతే అన్నాను: "పోయి జిల్లేడు ఆకు తేవే."

"తేను," అనింది.

"ఏం, ఎందుకు తేవు?"

"నేనే పోసుకున్యా, నేనే పోసుకున్యా అని ఊరంతా చెప్పుకుంటాండావు గదా. చెట్టు ఆడనే ఉండాది. పో, పోసుకో."

పోయినాను. చెట్టు ముందర కొంచెంసేపు నిలబడినాను. ఎండ ఎక్కువగా ఉందని వెనక్కి వచ్చినాను.

మరుసటి పొద్దున ముగ్గురం కర్నూలు బస్సెక్కినాం.

కర్నూల్లో, పళ్ళ డాక్టరమ్మ దగ్గర

ఆ ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్ళందరూ ఒక్కటే రకంగా చెంపకు చెయ్యి ఆనించుకుని ఉన్నారు. గోడ మీద నవ్వుతున్న పళ్ళ బొమ్మ. దాన్ని అక్కడ పెట్టినవాడికి జాలి లేదు. నా పక్కన ఒక ఆడపిల్ల, పెండ్లి దగ్గర్లో ఉందట, ఒక చెంప గుమ్మడికాయంత వాచింది. వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఉంది. నాకు అంత నొప్పిలో కూడా నాలుక ఊరుకోలేదు.

"ఏం కాదులేమ్మా. పీటల మీద పెండ్లికొడుకును అవతలి పక్క కూర్చోబెట్టండి. కాపరానికి పోయినాక చూసుకుంటాడు."

ఆ తల్లి నన్ను చూసిన చూపుకు పచ్చి చెట్టు మాడిపోవాల్సిందే. సుంకమ్మ దూరం జరిగి కూర్చుంది. అంతలోనే నా పన్ను ఒక్క పోటు పొడిచింది, నేను గట్టిగా అరిచి బెంచీ మీద వంగిపోయినాను. ఆ పిల్ల లేచి, లోపలికి పిలిచేవాళ్ళతో, "నా వంతు ఈ తాతకు ఇయ్యండి, శానా బాధపడతాండాడు," అనింది. ఒక్క నిముషం కిందట దాని మొహాన్ని నేను ఎగతాళి చేసినాను. అది నన్ను తన కంటే ముందు లోపలికి పంపింది. థాంక్స్ చెప్పలేదు. నోరు తెరిస్తే గాలి పోతుందని సాకు.

డాక్టరమ్మ చిన్నపిల్లే. కర్నూలు అమ్మాయే, మాటలో తెలుస్తుంది. కుర్చీ వెనక్కి వంచి, పుల్లకు చుట్టిన దూదిని ఏదో చల్లటి మందులో ముంచి కుడి పన్నుకు తాకించింది. నేను కుర్చీలోంచి లేచినాను. సామాన్ల పళ్ళెం కింద పడింది. బయట కూర్చున్నవాళ్ళలో ఇద్దరు ఇంటికి వెళ్ళిపోయినారని మద్దిలేటి తర్వాత చెప్పినాడు.

అదే దూదిని ఎడమ పక్క రాజాకు తాకించింది. ఏమీ లేదు. ఇంకా గట్టిగా అదిమింది. ఏమీ లేదు. నేను నవ్వినాను.

"చూసినావా తల్లీ. అదీ పన్నంటే. దానికి చలే తెలీదు."

ఆమె నవ్వలేదు. "పెద్దాయనా, పీనుగకు కూడా చలి తెలీదు. ఇది చచ్చిపోయి శానా ఏండ్లయింది."

ఎక్స్‌రే తీసింది. తెర మీద చూపించింది. కుడి పన్ను వేరు చివర చిన్న మసక. ఎడమ పన్ను వేళ్ళ కింద నల్లటి గుంత, బొటనవేలు పట్టేంత. గనిలో పైకి గట్టిగా కనిపించే బండ కింద ఒక్కోసారి బోలు ఉంటుంది. కాలు పెట్టినవాడు లోపలికి పోతాడు. అట్లాంటి బోళ్ళను సుత్తి దెబ్బతో కనిపెట్టి కూలీలను పక్కకు లాగినవాణ్ణి నేను. నా దవడలో ఉన్నదాన్ని రాజా అని పిలిచినాను.

నేను అడిగినాను: "నొప్పి లేదు గదమ్మా. మరి అంత గుంత ఎట్ల పడింది?"

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. పన్ను నడిమధ్య వేరు దాకా సన్నటి గొట్టం ఉంటుంది. దాంట్లో నరం, నెత్తురు. నరం చచ్చిపోతే ఆ గొట్టం తలుపులు మూసిన పాడింటి మాదిరి అవుతుంది. అక్కడ గాలి ఆడదు. గాలి లేని చోటే బాగా బతికే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి, నోట్లోంచి వచ్చి అందులో చేరతాయి. కొన్ని గుంపులు కూడితే చీము, వాపు, నొప్పి. కొన్ని గుంపులు సద్దు చెయ్యవు. వాటిని అడ్డుకునేదానికి ఒళ్ళు చేసే పోరాటంలో ఎముకే కొంచెం కొంచెం కరిగిపోతుంది.

"రెండు చోట్లా వేరే వేరే జాతులా?" అన్నాను.

"కొన్ని వేరే. శానావరకు రెండిట్లోనూ అవే కనిపిస్తాయి. ఎవరితో ఎవరు కలిసినారు, ఎంతమంది చేరినారు, మీ ఒంట్లో బలం ఎంత ఉంది, దాన్నిబట్టి ఉంటాది. ఈ పొద్దు సద్దు లేకుండా ఉన్నవి రేపు లేవవని ఎవరూ చెప్పలేరు."

మద్దిలేటికి ఇది శానా నచ్చింది. "అయితే బావా, అరిచి గోల చేసేటివి నీ మాదిరి. సద్దు లేకుండా పని కానిచ్చేటివి మా అక్క మాదిరి."

నేను కూడా నవ్వినాను. సుంకమ్మ నవ్వలేదు.

డాక్టరమ్మ రాజాను అద్దం పెట్టి మళ్ళీ చూసి, "దీంట్లో ఎప్పుడైనా ఏమన్నా పోసినారా?" అని అడిగింది.

"జిల్లేడు పాలు," అన్నాను గర్వంగా.

ఆమె తల పట్టుకుంది. "అది నొప్పిని తగ్గించలేదు పెద్దాయనా. నరాన్ని కాల్చి చంపింది. నరం చచ్చింది కాబట్టి నొప్పి తెలీలేదు. జబ్బు ఆ పొద్దే మొదలైంది. ఎవరు పోసినారు మీకు?"

"ఎవరో ఎందుకు పోస్తారు? నేనే. అద్దం ముందర నిలబడి, నా చేత్తో నేనే."

సుంకమ్మ కిటికీలోంచి రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తూ ఉంది.

రెండు పళ్ళకూ వైద్యం చెయ్యాలని డాక్టరమ్మ అనింది. ఎడమది నిలవకపోతే పీకెయ్యాలి. నేను ఒప్పుకోలేదు. నొప్పి చేసేదాన్ని చూడు తల్లీ, నొప్పి చెయ్యనిదాన్ని కెలికేదెందుకు అన్నాను. ఆమె మూడు రకాలుగా చెప్పి చూసింది. చివరకు, "షుగరు పరీక్షన్నా చేయించుకోండి," అనింది. సరే అన్నాను. చేయించుకోలేదు.

కుడి పన్నుకు రూట్ కెనాల్ చేసింది. సన్నటి ఆకురాయి తీగలు గొట్టంలోకి దించి గీకుతుంటే వేరు చివర నుంచి ఒక కంపు వచ్చింది. నా ఒంట్లోంచి వచ్చిందని నమ్మలేనంత కంపు. ఆ పొద్దు సాయంత్రానికి నొప్పి పోయింది. అంత పెద్ద నొప్పి పోతే మనిషికి వచ్చే పొగరు మామూలుది కాదు.

ఇంటికి చేరినాక సుంకమ్మ చెప్పులు కూడా విడవలేదు, మంచినీళ్ళు తాగలేదు. గడ్డపార తీసుకుని నేరుగా గొడ్లపాక కాడికి పోయి జిల్లేడు చెట్టును వేళ్ళతో సహా పెళ్ళగించింది. చేతుల మీద పాలు కారుతున్నా తుడుచుకోలేదు. నా మీద కోపం చెట్టు మీద చూపిస్తోంది అనుకున్నాను. ఈ వయసులో అంత బలం ఎట్ల వచ్చిందే అని ఎగతాళి కూడా చేసినాను.

రోహిణి కార్తె ఎండల్లో

ఎడమ దవడ అంచున, గడ్డం కింద, ఒక సెగ్గడ్డ లేచింది. నొప్పి లేదు. కొంచెం చీము కారి ఎండిపోతుంది, పది దినాలకు మళ్ళీ ఊరుతుంది. క్షవరం చేసినవాణ్ణి తిట్టి, షాపు మార్చినాను. ఎండకు వేడి చేసిందన్నాను. పూత మందు రాసినాను.

సుంకమ్మ ఒకసారి, "అది పన్ను కాడనే ఉండాది. డాక్టరమ్మకు చూపిచ్చుకో," అనింది. ఇంకోసారి కూడా అనింది. మూడోసారి అన్నప్పుడు నేను, "నీ వంటలో కారం తగ్గించు, అదే మానుతుంది," అన్నాను. ఆమె ఇంక అనలేదు.

ఆ దినాల్లోనే మా ఊర్లో దేవర జరిగింది. అమ్మవారికి పొటేళ్ళు కోసి, చుట్టాలందరినీ పిలిచి పెట్టే పండగ. పందిరి కింద బంతిలో మద్దిలేటి నా పక్కనే కూర్చున్నాడు. వాడు ఎముకలు ఏరి పక్కన పెడుతుంటే నాకు పాత రోగం లేచింది.

"ఏం రా, ఎముక చూస్తే నీ పండ్లు విస్తట్లో దూకుతాయా?"

"నువ్వు కొరుకు చూస్తాం. డాక్టరమ్మ పీనుగని చెప్పిన పన్నుతో కొరుకు."

బంతి మొత్తం చేతులాపి చూసింది. నేను మూలుగ ఎముక తీసి రాజా మీద పెట్టినాను. గట్టిగా పట్టు పట్టినాను. చిటుక్కుమనింది. అందరూ ఈలలు వేసినారు. నేను ఎముకను పిడికిట్లో పట్టుకుని పైకెత్తి చూపించినాను.

ఎముక విరగలేదు. విరిగింది రాజా. సగానికి చీలింది. నాకు నొప్పి లేదు కాబట్టి నాకూ తెలియలేదు. నాలుకతో తడుముకుంటే అంచు కోసుకుంది. అప్పుడు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఎముకను కింద దాచి, ఇంకో ముక్క వేయించుకున్నాను.

ఇక్కడ కొన్ని ఒప్పుకోవాలి. ముప్పై రెండు పళ్ళు అన్నది నా పెండ్లి నాటి లెక్క. జబ్బు వచ్చేనాటికి నోట్లో సగానికి కొంచెం పైగా మిగిలినాయి. మూలుగ ఎముకలు పెండ్లికి ముందు ఒకటో రెండో విరిచినాను. తర్వాతవన్నీ ముందే రాయితో నెర్రె కొట్టి ఉంచుకున్నవి. సీసాల మూతలు నిజమే, కానీ మూత తీసిన రెండోసారే ముందు పన్ను అంచు ఎగిరిపోయింది. అది గనిలో రాయి తగిలి పోయిందని చెప్పుకున్నాను. జిల్లేడు సంగతి మాత్రం నిజం.

మెడ

దేవర అయిన కొద్ది దినాలకే పొద్దున లేచేసరికి దవడ కింద వాచింది. మధ్యాహ్నానికి రెండు పక్కలా వాచింది. నాలుక కింద ఎవరో బండ ముక్క పెట్టి నాలుకను పైకి నెడుతున్నట్లు. నోరు మూతపడదు, తెరుచుకోదు. ఉమ్మి మింగలేక పంచె మీద కారుతోంది. చలిజ్వరం. మాట్లాడితే నోట్లో కాలే ముద్ద పెట్టుకున్నవాడి మాదిరి గొణుగుడు. ఇన్ని జరుగుతున్నా పన్ను నొప్పి లేదు. మెడ పగిలిపోతోంది, ఊపిరి అందడం లేదు, పన్ను మాత్రం ఏమీ ఎరగనట్లు కూర్చుంది.

మద్దిలేటి మొదట నవ్వినాడు. "ఏం బావా, మాట యాడ పాయె?" అన్నాడు. దగ్గరికి వచ్చి నా మెడ చూసినాడు. నవ్వు ఆగిపోయింది. పరిగెత్తిపోయి జీపు తెచ్చినాడు.

కర్నూలు దాకా నేను కూర్చునే ఉన్నాను. వాలితే ఊపిరి ఆగుతుంది. దారి పొడుగునా సుంకమ్మ నా వీపు వెనకాల కూర్చుని రెండు చేతులతో నన్ను నిలబెట్టింది.

పెద్ద ఆసుపత్రిలో డాక్టర్లు నా మీదుగా మాట్లాడుకున్నారు, నేను అక్కడ లేనట్లే. పన్ను నుంచి చీము మెడలోకి దిగింది. గొంతు మూసుకుపోవచ్చు. షుగరు చూస్తే ఆకాశంలో ఉంది. ఎన్నాళ్ళ నుంచో ఉందట, దానికీ నొప్పి లేదు. మెడ కోసి చీము బయటికి వదలాలి, ఆపరేషన్లో ఏమైనా కావచ్చు, ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి అన్నారు. కాగితం సుంకమ్మ ముందర పెట్టినారు. వేలిముద్రకు సిరా కూడా అద్దినారు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నా చేత్తో వద్దు. మద్దిలేటీ, నువ్వు పెట్టు."

నాకు వినపడింది. చచ్చేవాడి మీద కూడా దీనికి ఇంత కోపమా అనుకుంటూ లోపలికి పోయినాను.

మెలకువ వచ్చినప్పుడు మెడ కింద రబ్బరు గొట్టాలు, దాంట్లోంచి కారే చీము, అదే కంపు. రాజాను పీకేసినారు. గాజు గిన్నెలో రెండు ముక్కలుగా చూపించినారు. వేళ్ళ చివర చిన్న సంచి వేలాడుతోంది. ఇన్నేళ్ళు నేను గొప్పలు చెప్పుకుంది దాని గురించే.

పక్క మంచంలో ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు. నలభై కూడా లేవు. వాడిదీ ఇదే రోగం, వాడికీ పన్ను నొప్పి లేదు. నీళ్ళు మింగలేక నేను అవస్థ పడుతుంటే చేత్తో సైగ చేసి చూపించినాడు. తల ఒక పక్కకు వాల్చి, స్ట్రా చెంప మూలన పెట్టి, చుక్క చుక్క పీల్చాలి. "ఇట్లప్పా, ఇట్ల," అన్నాడు. వాడు నేర్పిన తర్వాతే నా గొంతులో నీళ్ళు దిగినాయి. మరుసటి పొద్దున డాక్టర్లు వచ్చి వాడి మంచం చుట్టూ తెర లాగినారు. తెర తీసేటప్పటికి మంచం ఖాళీ. మాకు టీ వచ్చేలోగా దుప్పటి మార్చి ఇంకొకణ్ణి పడుకోబెట్టినారు. వాడి భార్య వాడి చెప్పులు చేత పట్టుకుని, ఎటు పోవాలో తెలియక, నా మంచం కాడ నిలబడింది. సుంకమ్మ ఆమెను పట్టుకుని వరండాలోకి తీసుకుపోయింది. ఇద్దరూ ఏడ్చినారని మద్దిలేటి చెప్పినాడు. నాకు ఆపరేషన్ అయినప్పుడు రాని ఏడుపు ఎవరో లారీ డ్రైవరుకు ఎందుకు వచ్చిందో నాకు అంతు పట్టలేదు.

ఆసుపత్రిలో ఉన్నన్ని దినాలూ సుంకమ్మ నా పక్కన కూర్చోలేదు. గంజి తాపేది, గుడ్డలు మార్చేది, వరండాలోకి పోయి నిలబడేది. అన్నం సరిగ్గా తినలేదు. నన్ను చూసేది కాదు, ఆ గొట్టాలను చూసేది. పొరపాటున నా మొహం కనిపిస్తే కళ్ళు దించుకునేది. తన మాట వినలేదని కోపం అనుకున్నాను. నేను మాట్లాడలేని స్థితిలో ఉన్నాను కాబట్టి అడగలేదు. మాట్లాడగలిగినా అడిగేవాణ్ణి కాదేమో.

ఇప్పుడు

కింది పెదవి సగం మొద్దుబారింది. అన్నం తింటుంటే చారు గడ్డం మీద కారుతున్నా నాకు తెలియదు. మెడ మీద అడ్డంగా ఒక గీత. వీధిలో పిల్లలు "గొంతు కోసిన తాత" అంటున్నారు. వాళ్ళ తప్పేం లేదు, అట్లాంటి పేర్లు ఊర్లో అందరికీ పెట్టింది నేనే. సీసా మూతల కోసం ఇంక ఎవరూ రారు. మద్దిలేటి దినమూ వచ్చి మెత్తగా చేసిన సంగటి నాకు కలిపి పెట్టి, తను మాత్రం కారం అద్దుకుని చెనిక్కాయలు నములుతాడు. "పసిపిల్లోడా, ఉగ్గు తాగినావా?" అంటాడు. ఉగ్గు కలిపేది వాడే కాబట్టి ఏమీ అనలేను.

చదివేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. మీ నోట్లో ఎప్పుడో నొప్పి చేసి, దానంతట అదే ఊరుకున్న పన్ను ఉంటే, మానిపోయిందనుకోవద్దు. దానికి చలి తెలుస్తుందో లేదో ఎవరికన్నా చూపించుకోండి. సెగ్గడ్డ పదేపదే ఒకే చోట లేస్తుంటే క్షవరం చేసినవాణ్ణి తిట్టొద్దు. జిల్లేడును పన్ను దాకా రానివ్వద్దు. నేను బతికినానంటే నా గుండె ధైర్యం. నా చేత్తో నేను పోసుకున్న విషాన్ని నేనే భరించి, నేనే గెలిచి వచ్చినాను.

ఇంతవరకు రాసి, నిన్న మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని మొత్తం చదివి వినిపించినాను. మద్దిలేటి చెనిక్కాయలు తింటూ విన్నాడు. దేవర కాడికి వచ్చేసరికి పొర పోయేటంత నవ్వినాడు. లారీ డ్రైవరు కాడ నమలడం ఆపినాడు. సుంకమ్మ చాటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా విన్నది. చివరి మాట చదివి, కళ్ళజోడు తీసి, ఎట్ల ఉంది అన్నాను.

"బాగానే రాసినావు," అనింది. "ఒగటి తప్పు."

"ఏంది?"

"జిల్లేడు పాలు నువ్వు పోసుకోలే. అద్దం లేదు, ఏం లేదు. మద్దిలేటి నీ తల వంచి పట్టుకున్యాడు. నేను పోసినా. ఎద్దుకు గొట్టంతో మందు పోసినట్ల పోసినా. నువ్వు నా కొంగు కొరుక్కోని ఏడ్చినావు."

మద్దిలేటి లేచి, చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టినాడు. చెప్పులు వాడి కాళ్ళకే ఉన్నాయి.

"డాక్టరమ్మ ఎవరు పోసినారని అడిగిన దినమే నోటిదాకా వచ్చె. నువ్వు నేనే, నేనే అని గుండె తట్టుకుంటివి. ఇంగ నేనేం చెప్పేది? ఆస్పత్రిలో చెప్పల్ల అనుకుంటి. గొంతులో గొట్టాలున్న మనిషికి ఏమని చెప్పేది?"

చాటలో బియ్యం అటూ ఇటూ జరుపుతోంది. రాయి ఏదీ దొరకడం లేదు.

నేను ఇన్నేళ్ళూ చెప్పీ చెప్పీ ఆ అద్దాన్ని నిజంగానే చూసినట్లు నమ్మినాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను: "పోనీలేవే. నా బాధ చూడలేక పోసినావు. నా మీద ప్రేమతోనే గదా."

సుంకమ్మ అప్పుడు తలెత్తింది. ఆసుపత్రి నుంచి వచ్చినాక నన్ను నేరుగా చూడడం అదే మొదలు.

"కాదు. నీ అరుపు వినలేక పోసినా. అట్లనే రాయి."